పూస చెప్పని వేడి

పదహారో రోజు

ఈ పుస్తకంలో రోజుల్ని గుడ్ల వయసుతో లెక్కపెడుతున్నాను. తల్లి తాబేలు గుడ్లు పెట్టి సముద్రంలోకి వెళ్ళిపోయిన పొద్దు మొదటి రోజు. గుడ్లు నూట పన్నెండు. ఈ ఏడు కొత్తమొగ తీరంలో నూకాలప్ప అరవై ఒక్క గూళ్ళు తవ్వి చూసింది. పెంకు మీద తెల్ల మచ్చ కనిపించినవి ఈ ఒక్క గూటిలోనే. మచ్చ ఉంటే లోపల ప్రాణం ఉన్నట్టు. మిగతా అరవై గూళ్ళలో ఉన్నది మగవి కలవని ఉత్త సొన. సముద్రంలో మగ తాబేళ్ళు దాదాపు లేవు.

కారణం ఇసక. పిల్ల ఆడదో మగదో తేల్చేది ఇసక వేడి. ఇరవై ఎనిమిది డిగ్రీల దగ్గర ఉంటే మగవి, ముప్పై దాటితే ఆడవి. అది కూడా పద్దెనిమిదో రోజు నుంచి ముప్పై ఆరో రోజు వరకే. ఆ పందొమ్మిది రోజులు గడిచాక వేడి ఎటు మారినా తేలిపోయింది మారదు. మా తీరంలో ఇసక ఎప్పుడో ముప్పై దాటిపోయింది. అందుకే నూకాలప్ప గుడ్లు తెచ్చి తొట్టిలోని ఇసకలో పెడుతుంది. పదకొండేళ్ళుగా పెడుతోంది. పదేళ్ళు తొట్టి చల్లబడలేదు. ఈ ఏడు ఇంజనీరు ఉదయిని తొట్టి పక్కన లోతు సముద్రపు నీరు పారే గోడ కట్టించింది. ఇప్పుడు చల్లగా ఉంది.

నూకాలప్పకు డెబ్బై ఒకటి. కళ్ళకు పొర వస్తోంది. "వచ్చే ఏడు నాకు మచ్చ కనపడదు బాబూ. ఈసారి అయితే అయినట్టు," అంది.

పద్దెనిమిదో రోజు

పొద్దున రెండు తొట్లలోనూ, ఇసక పక్కన నీళ్ళుండే తాబేళ్ళ తొట్టిలోనూ ఊరికి మంచినీళ్ళిచ్చే మర తొట్టిలోనూ, పూస చదివాను. ఊరి పుస్తకం రాసేది నేను, రాసేవాడే పూస కూడా చదవాలని నియమం. ఈ పనికి ముందు ఇరవై ఏడేళ్ళు పత్రికలో పనిచేశాను. పత్రిక ఆగిపోయింది, చేతికి రాత అలవాటు మిగిలింది.

చదవడం ఇలా. తొట్టిలోని నీళ్ళలో కంటికి కనిపించని నలుసులు ఉంటాయి. తాతల కాలంలో మనుషులు చేసినవి. బెల్లం నీళ్ళు పోస్తే తిని, ఆగకుండా ఈదుతాయి. గీతలు గీసిన గాజు పలక మీద ఆ నీళ్ళు కొంచెం పోసి, ఆవగింజంత గాజు పూస వెయ్యాలి. నలుసులు తన్నుకుంటూ పోతుంటే పూస ఎగురుతుంది. వంద లెక్కపెట్టేలోగా అది ఎన్ని గడులు దాటిందో చూసి, గోడ మీది పట్టికలో వేడి అంకె వెతుక్కోవాలి. ఆ వంద అయ్యేదాకా తొట్టి చుట్టుపక్కల ఎవరూ మాట్లాడరు. వీధిలో చేపలమ్మే ఆవిడ కూడా కేక ఆపేసి గోడకు చేరబడి నిలబడుతుంది. మాట్లాడితే పూస అబద్ధం చెబుతుందని ఊళ్ళో నమ్మకం. నేను నమ్మను. కానీ మాట్లాడను.

తాబేళ్ళ తొట్టి: తొమ్మిది వందలు. మర తొట్టి: తొమ్మిది వందలు.

పట్టిక ప్రకారం ఈ నీళ్ళు మరిగే నీళ్ళ కంటే తొమ్మిది రెట్లు వేడి. తాబేళ్ళ తొట్టిలో మోచేయి దాకా పెట్టాను. చల్లగా ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇది వింత. ఊరివాళ్ళకు కాదు. మర తొట్టిలో నలుసులు తిప్పే రంపపు పళ్ళ చక్రాలు ఎంత వేగంగా తిరుగుతాయో ఆ అంకె చెబుతుంది, ఆ చక్రాలే ఉప్పు నీటిని వొత్తి మంచినీళ్ళు చేస్తాయి. అందుకని ఊరికి ఆ అంకె చాలు. డిగ్రీలు చూపే గాజు గొట్టాలు ఒక్కొక్కటే పగిలిపోయాయి. ఎవరూ మళ్ళీ చేయించలేదు.

ఇరవయ్యో రోజు

మర తొట్టిలో చక్రాలు మందగించాయి. ఇంటికి మూడు కుండల నీళ్ళు వచ్చేవి, ఇవాళ రెండు వచ్చాయి.

ఉదయిని తొట్టి లోపలికి దిగి చూసి వచ్చింది. చక్రాల పక్కన నలుసులు గుంపు కట్టి గోడకు అంటుకుపోతున్నాయట. జాగా చాలడం లేదు. మర తొట్టికీ తాబేళ్ళ తొట్టికీ మధ్య ఒక తూము ఉంది, మొదటి నుంచీ మూసే ఉంది. దాన్ని తెరిస్తే రెండూ ఒకే తొట్టి అవుతాయి, జాగా పెరుగుతుంది, చక్రాలు మళ్ళీ తిరుగుతాయి.

నూకాలప్ప ఒప్పుకోలేదు. మర తొట్టి పక్కనే ఊరి వంటిళ్ళ పొగ గొట్టాలు పోతాయి, ఆ వేడి తన ఇసకకు వస్తుందని ఆమె భయం.

ఉదయిని నెమ్మదిగా చెప్పింది. వేడి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికే పోతుంది. రెండు అంకెలూ ఒకటే అయితే ఎటూ పోదు. ఇది బడిలో పిల్లలకు కూడా తెలిసిన సూత్రం. "ఆ గోడ కట్టించింది నేనే కదా అప్పా. నా చేత్తో పాడు చేసుకుంటానా?"

నూకాలప్ప నా వైపు తిరిగింది. "పేపరు బాబూ, రెండూ ఒకటేనని నువ్వు రాసి సంతకం పెడితే తెరవమను."

తూము తెరవాలంటే పుస్తకం రాసేవాడి సంతకం కావాలన్నది కూడా నియమమే.

ఇరవై ఒకటో రోజు

ముందు తాబేళ్ళ తొట్టి, తర్వాత మర తొట్టి, మూడుసార్లు చదివాను. తొమ్మిది వందలు, తొమ్మిది వందల ఐదు. తొమ్మిది వందలు, తొమ్మిది వందలు. ఎనిమిది వందల తొంభై ఐదు, తొమ్మిది వందలు.

సంతకం పెట్టాను. పదకొండు గంటలకు తూము తెరిచారు. చూడ్డానికి ఏమీ లేదు. రెండు నీళ్ళూ ఒకే రంగు. సాయంత్రానికి చక్రాల చప్పుడు ముసురు వాన చప్పుడులా ఊరంతా వినిపించింది. ఇంటికి మూడు కుండలు వచ్చాయి. ఒకావిడ నాకు మజ్జిగ ఇచ్చింది.

ఇరవై మూడో రోజు

నూకాలప్ప కబురు పెట్టింది. వెళ్ళేసరికి తొట్టి అంచున కూర్చుని, మోచేయి ఇసకలో దింపి, కళ్ళు మూసుకుని ఉంది. పసిపిల్లకు స్నానం పోసే ముందు నీళ్ళు చూసినట్టు.

"ఇసకకి జొరం బాబూ," అంది.

ఉదయిని వచ్చి పూస చదివించింది. తొమ్మిది వందలు. అంకె కదల్లేదు. ఎండ వల్ల అలా అనిపిస్తోందేమో, ఇవాళ గాలి లేదు కదా అంది. ఆమె మాటలో వెటకారం లేదు. నూకాలప్ప మాటలో ఉంది. "నా మోసేయి డెబ్బై ఏళ్ళది పిల్లా. నీ పూసకి ఎన్నేళ్ళు?"

ఇద్దరి మాటా రాసుకున్నాను. మోచేయి సాక్ష్యమే, కానీ రుజువు కాదు. ఇంటికి వెళ్ళి మా అమ్మ వాడిన జ్వరం చూసే గొట్టం వెతికి తెచ్చాను. ఊళ్ళో పగలకుండా మిగిలింది అదొక్కటే అనుకుంటాను. ఇసకలో పెట్టాం. పాదరసం కదల్లేదు. దాని గీతలు ముప్పై అయిదు దగ్గర మొదలవుతాయి. ఇసక ముప్పై అయిదుకు తక్కువ అని మాత్రం తేలింది. అది మాకు ముందే తెలుసు.

ఇరవై నాలుగో రోజు

పొద్దున ఆవపూస చేతిలోంచి జారి తూము కాలవలో పడిపోయింది. కొత్తది చేయించడానికి రెండు రోజులు పడుతుంది. డబ్బాలో నువ్వుగింజంత పూస ఒకటి ఉంది. ఎప్పుడో ఎవరో చేయించి పక్కన పెట్టారు. పట్టికలో దానికీ వరుస ఉంది, ఎవరూ చూడరు. దాంతో చదివాను.

తూముకు ఇటు, గుడ్ల పక్క: పద్నాలుగు వందలు. తూముకు అటు, మర పక్క: అయిదు వందలు.

మళ్ళీ చదివాను. పద్నాలుగు వందల పది. నాలుగు వందల తొంభై.

పత్రికలో చేరిన మొదటి ఏడు నాకు ఒక పాఠం నేర్పారు. ఒకే సంఘటన గురించి ఇద్దరు సాక్షులు వేర్వేరుగా చెబితే, వాళ్ళలో అబద్ధాలకోరు ఎవరని వెంటనే వెతక్కు. నువ్వు అడిగిన ప్రశ్న ఏమిటో ఒకసారి చూసుకో. నీళ్ళ వేడి ఎంత అని పూసను అడుగుతున్నామని నలభై ఏళ్ళుగా అనుకుంటున్నాం. వేడి అయితే ఏ గింజంత పూసను అడిగినా ఒకటే జవాబు రావాలి.

ఉదయినికి చూపించాను. పలక మీదికి వంగి పూసను చూసింది. అది గడి నుంచి గడికి, ఎక్కడికో పోవాలన్నట్టూ ఎక్కడికీ పోనట్టూ ఎగురుతోంది. ఆమె చెప్పింది ఇది. గుడ్ల పక్క నలుసులు తక్కువ, కానీ బెల్లం బాగా తిని జోరుగా ఉన్నాయి. మర పక్క నలుసులు ఎక్కువ, మందకొడిగా ఉన్నాయి. గట్టిగా తన్నే నలుగురూ, మెల్లగా తోసే నలభై మందీ ఆవపూసను ఒకేలా కదిలించవచ్చు. నువ్వుపూసకు తేడా తెలుస్తుంది. రెండు పూసలూ నిజమే చెప్పాయి. ఎవరు ఎంత తోశారో చెప్పాయి. నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయో చెప్పలేదు.

"మరి నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయి?" అని అడిగాను.

"తెలీదు మాస్టారూ," అంది. ఆ మాట అనడం ఆమెకు కష్టమైంది. నేను ఇంతవరకు కలిసిన ఇంజనీర్లలో ఆ మాట అన్నవాళ్ళు ముగ్గురు.

ఇరవై ఐదో రోజు

ఉదయిని ఒక చిన్న గాజు సీసా తెచ్చింది. అందులో చింతగింజంత వెండి ముక్క. వెండి కాదు, గాలియం అనే లోహం. చదువుకునే రోజుల్లో ఎవరో ఇచ్చారట. గుప్పెట్లో పట్టుకుంటే కరుగుతుంది, వదిలేస్తే గడ్డకడుతుంది. ఆడుకోవడానికి దాచుకుంది. అది కరిగేది ముప్పై డిగ్రీలకు పిసరంత తక్కువలో.

రాత్రంతా లోతు నీటి గోడ మీద ఉంచిందట, గట్టిగా ఉంది. సీసాకు దారం కట్టి గుడ్ల పక్కన ఇసకలో దింపింది. అప్పుడు ఉదయం ఎనిమిదిన్నర. ముగ్గురం కూర్చున్నాం. పూస చదవడం కాకపోయినా ఎవరూ మాట్లాడలేదు. వీధిలో చేపలమ్మే ఆవిడ మమ్మల్ని చూసి కేక ఆపేసింది.

ఎనిమిదీ యాభైకి సీసా బయటికి తీసింది. అటు వంచితే ముక్క అటు పారింది. ఇటు వంచితే ఇటు పారింది.

నూకాలప్పకు పొర వల్ల కనిపించలేదు. "ఏటయింది?" అని అడిగింది.

"కరిగిందప్పా."

ఉదయిని లేచి వెళ్ళి తూము తలుపు తానే దింపింది. నా సంతకం కోసం ఆగలేదు. తొమ్మిది గంటలకు తూము మూసుకుంది. నాలుగు రోజులు తెరిచి ఉంది.

ఇరవై ఆరో రోజు

దిద్దుబాటు. ఇరవై ఒకటో రోజు ఈ పుస్తకంలో రెండు తొట్ల వేడీ ఒకటేనని రాసి సంతకం చేశాను. అంకెలు సరైనవే. వాటిని వేడి అనడం తప్పు. దానివల్ల నాలుగు రోజులు తాబేళ్ళ గుడ్లు ఉండాల్సిన దానికంటే ఎక్కువ వేడిలో ఉన్నాయి. తప్పు నాది.

పత్రికలో దిద్దుబాట్లు అయిదో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేసేవాళ్ళం. ఇది మధ్యాహ్నం ఊరి సావిట్లో నిలబడి చదివాను.

చదివాక అడగాల్సింది అడిగారు. ఇంటికి మళ్ళీ రెండు కుండలే. బొడ్డు పైడితల్లి, ముగ్గురు పిల్లల తల్లి, లేచి నిలబడింది. "తాబేలుకి సల్లగా ఉండాల, మా పిల్లలు నోరెండబెట్టుకోవాల. అంతేనా?" అని అడిగింది. ఆమె అడిగిన దాంట్లో తప్పు లేదు. సావిట్లో సగం మంది ఆమె వైపు.

నూకాలప్ప కూర్చునే జవాబిచ్చింది. "పదకొండు రోజులే పైడీ. నా కుండ మీ గుమ్మంలో పెట్టేసి వచ్చినాను. దెబ్బలాట ఆ తరవాత ఆడుకుందాం."

"మరి నువ్వేటి తాగుతావు?"

"మీ ఇంటికొచ్చి అడుక్కుంటాను."

నవ్వులు వినిపించాయి. పైడితల్లి నవ్వలేదు, కానీ కూర్చుంది. పదకొండు రోజులు చూద్దామన్నారు. నీళ్ళు రెండు కుండల కంటే తగ్గితే తూము తెరుస్తామన్నారు. ఉదయిని నేల మీద ఏదో గీస్తూ కూర్చుంది. దగ్గరికి వెళ్ళి చూస్తే రంపపు పళ్ళ చక్రం.

ఇరవై ఎనిమిదో రోజు

చేపల రేవు సందులో, అందరూ నడిచే దారి మధ్యలో, ఉదయిని ఒక చక్రం పెట్టించింది. పడవ చెక్కలతో చేసింది. పన్నెండు అడుగుల వెడల్పు, నడుం ఎత్తు, నిలువు గుంజ మీద పడుకోబెట్టినట్టు ఉంటుంది. చుట్టూ రంపపు పళ్ళు. ఒక్కో పన్నుకు ఒక పక్క వాలు, ఇంకో పక్క నిట్టనిలువు. గుంజ నుంచి మోకు, మోకు చివర నీళ్ళు వొత్తే మర.

ఎవరినీ తోయమనలేదు. మీ పని మీద మీరు తిరగండి అంది. వాలు మీద పడినవాడు జారి పక్కకు పోతాడు. మూలలో ఇరుక్కున్నవాడు బయటపడేలోగా నాలుగడుగులు తోస్తాడు. గంపలు, తుంటి ఎముకలు, గొడవపడుతున్న ఇద్దరు మరదళ్ళు, దారి మరిచిపోయిన ఒక ముసలాయన. ఎవరూ ఎటూ తిప్పాలనుకోలేదు. చక్రం మాత్రం ఒక్క వైపే తిరిగింది.

అరుగు మీద కూర్చుని లెక్కపెట్టాను. పొద్దున ఆరు నుంచి పది దాకా రెండు వందల నలభై చుట్లు. ఎవరి ముఖంలోనూ పని చేస్తున్న ఆయాసం లేదు. కాసేపటికి మనుషులు మనుషుల్లా కనిపించడం మానేశారు. పలక మీద నీళ్ళలా కనిపించారు. ఇది వాస్తవం కాదు, నాకు కనిపించింది. అయినా రాస్తున్నాను.

నూకాలప్ప వచ్చి పక్కన కూర్చుంది. చక్రం కిర్రు వింటూ, "ఇంతకీ మన ఊరి వేడి అంకె ఎంత బాబూ?" అని అడిగింది.

తెలుసుకోవాలంటే మనుషులు తన్నుకుంటూ పోయేంత పూస కావాలని చెప్పాను. ఒక ఖాళీ నూనె పీపా అయితే సరిపోతుంది.

"పీపా ఏటికి? నన్ను దింపు," అంది.

ఈ రోజు ఇంటికి రెండున్నర కుండలు.

ముప్పై ఆరో రోజు

ఆఖరి రోజు. ఇక తేలిపోయింది మారదు. గాలియం ముక్క ప్రతి పొద్దునా ఇసకలో దింపి తీశాం. పదకొండు పొద్దులూ గట్టిగానే ఉంది. ముందు మూడు రోజులు ఇసక చల్లగా ఉందని మోచేయి సాక్ష్యం. మధ్యలో నాలుగు రోజులు వేడి. పందొమ్మిదిలో పదిహేను చల్లనివి.

ఆ నాలుగూ ఎన్ని పిల్లల్ని ఆడ వైపు తిప్పాయని ఉదయినిని అడిగాను. తెలీదు అంది. ఈసారి ఆ మాట తేలిగ్గా వచ్చింది.

సాయంత్రం పైడితల్లి తొట్టి దగ్గరికి వచ్చింది. కుండ తిరిగిచ్చింది, నిండా నీళ్ళతో. నూకాలప్ప అడుక్కోవడానికి ఎప్పుడూ వెళ్ళలేదట, రోజూ పైడితల్లే నీళ్ళు మోసుకొచ్చి ఇచ్చిందట. ఈ సంగతి నాకు ఇద్దరూ చెప్పలేదు. చేపలమ్మే ఆవిడ చెప్పింది.

తూము మూసే ఉంచాలని ఊరు ఒప్పుకుంది. రేవులో చక్రం కూడా ఉంచుతారు. దాని చుట్టూ తిరగడం పిల్లలకు ఆటైపోయింది. గోడ మీది పట్టికలో 'వేడి అంకె' అన్న మాట ఉదయిని సుద్దతో కొట్టేసింది. దాని స్థానంలో ఏం రాయాలో ఇంకా తేల్చుకోలేదు.

యాభై నాలుగో రోజు

తెల్లవారుజామున ఇసక పై పొర కుంగింది. తర్వాత ఒక ముక్కు బయటికి వచ్చింది. ఆరు గంటలకల్లా ఇసక అంతా కదిలింది. నూట పన్నెండు గుడ్లలో ఎనభై ఏడు పిల్లలు. ఇరవై ఐదు రాలేదు.

వెదురు బుట్టల్లో తడి గోనె పరిచి తీరానికి మోశాం. మబ్బు పట్టి ఉంది, ఆటు సమయం. అలకు పది అడుగుల ఇవతల వదిలాం. పిల్లలు కాసేపు అటూ ఇటూ అడ్డదిడ్డంగా తిరిగాయి, ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. తర్వాత అన్నీ నీళ్ళ వైపు తిరిగాయి. ఏడు గంటల పది నిమిషాలకు చివరిది వెళ్ళింది. ఊళ్ళో చాలామంది వచ్చారు. పూస చదివేటప్పుడు నిలబడినట్టు నిలబడ్డారు.

ఈ పుస్తకంలో ఈ పేజీకి రెండు గడులు గీసి ఉన్నాయి. ఆడ. మగ. పిల్లలను చూసి చెప్పలేం. పెద్దవయ్యాక మగదానికి తోక పొడుగు. అందుకు పదమూడేళ్ళు పడుతుంది. అప్పుడు ఆడవి గుడ్లు పెట్టడానికి ఇదే తీరానికి వస్తాయి. మగవి రావు. మగ తాబేలు ఒకసారి నీళ్ళలోకి వెళ్ళాక మళ్ళీ ఒడ్డెక్కదు, బతికినంతకాలం. మేం ఓడిపోతే ఆడవి వచ్చి చెబుతాయి. గెలిస్తే, ఆ గెలిచినవి మాకు కనిపించవు.

నూకాలప్పను అడిగాను, గడిలో ఏం రాయమంటావని.

ఆమె అల వైపు చూస్తూ ఉంది. ఆ కళ్ళకు ఎంత కనిపించిందో నాకు తెలీదు. "రానోళ్ళ గురించి ఏటి రాస్తావు బాబూ," అంది. "జాగా ఒగ్గీ."

గడులు రెండూ ఖాళీగా వదిలాను. కింద, నా తర్వాత ఈ పుస్తకం రాసేవాళ్ళ కోసం ఒక వాక్యం రాశాను. పదమూడేళ్ళ తర్వాత, తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలలో, గూళ్ళు తవ్వి గుడ్ల పెంకు మీద తెల్ల మచ్చ ఎన్నింటిలో ఉందో చూడండి. ఈ ఏడు అరవై ఒకటిలో ఒకటి.